గైరాన్‌లో బర్రెలు

గైరాన్‌లోకి పోయిందని పోసవ్వ బర్రెను వెంకటనారాయణ మనుషులు పైపుతో బాదారు. అడ్డం పోయిన పోసవ్వ భుజం మీదా ఒకటి పడింది. కళ్లారా చూశాను, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కాలేజీ పిల్లలూ, మీకు తెలియదేమో, గైరాన్ అంటే ఊరందరి పశువులూ మేసే భూమి. బాన్సువాడ చుట్టుపక్కల కాలువ నీళ్లకు ఏటా రెండు పంటలు. కోత మిషన్ పోగానే వరిగడ్డి కాలబెడతారు. గట్ల మీద గడ్డిమందు కొడతారు. బర్రె నోటికి పరక మిగిలింది మా ఊరి గైరాన్‌లోనే. దాన్ని కూడా వరి మడి చేద్దామని వెంకటనారాయణ దున్నించాడు. ఊరి చుట్టూ ఉన్నదంతా ఆయన పొలమే, అయినా కడుపు నిండలేదు మహానుభావుడికి!

పోసవ్వకు దెబ్బ తగిలిన సాయంత్రమే కూలీ సంఘం మీటింగ్ పెట్టాం.

"దరఖాస్తు పెడదాం," అంది డిగ్రీ చదివే వర్ష.

"పెట్టినం గద బిడ్డా. ఏమైంది?" అన్నాను.

వెంకటనారాయణ దగ్గర ట్రాక్టర్ నడిపే భూమేశ్ లేచాడు. "ఆయన పని బంద్ జేస్తే ఏం తింటం? ఎందుకొచ్చిన లొల్లి?"

పోసవ్వ వాపెక్కిన భుజం పట్టుకుని అతని మీద విరుచుకుపడింది. "పని లేనప్పుడు నాకు బువ్వ పెట్టేది నా బర్రెరా! అది పోతే ఆయన కూలే దిక్కు. ఎంతిస్తే గంతకే పోవాలె, ఎట్ల తిడితే గట్ల పడాలె. ఆయనకు గావాల్సింది గదే. ఆ మడిల నాటెయ్యద్దు. ఒక్కలు గూడ దిగద్దు!"

"దిగం!" అని ఆడవాళ్లంతా లేచారు.

వెంకటనారాయణ నవ్వాడట. బీహార్ నుంచి నాటు ముఠాను దించాడు.

నాటు రోజు పొద్దున్నే పశువుల్ని వదిలాం. రోజూ పోయే దారే, వాటికవే గైరాన్‌కు పోయాయి. అక్కడ గడ్డి లేదు గానీ, నాటు కోసం ఆయనే చేయించిన మోకాలి లోతు బురద ఉంది. బర్రెకు ఇంకేం కావాలి! అన్నీ దిగి హాయిగా పండుకున్నాయి. మేం గట్టు మీద కూర్చున్నాం.

ముఠా మేస్త్రీ తారాచంద్ నారుకట్టతో వచ్చి ఆగి, ఈ భూమి ఎవరిదని అడిగాడు. "యే జమీన్ కిస్‌కా హై?"

"గావ్‌కా భయ్యా. సబ్ జాన్వరోంకా," అంది పోసవ్వ, ఊరిది, పశువులన్నిటిదీ అని.

వాళ్ల ఊళ్లోనూ మేతభూమి ఇట్లాగే పోయిందట. నారుకట్ట కింద పెట్టి మా పక్కనే కూర్చున్నాడు. ముఠా అంతా కూర్చుంది. వెంకటనారాయణ మొహం చూడాలి అప్పుడు!

పోలీసు జీపు వచ్చింది.

"బర్రెల్ని ఎవలు తోలిండ్రు?"

"ఎవలూ తోల్లే సారూ. వాటికి తొవ్వ ఎర్కనే," అంది పోసవ్వ.

"లేపు వాటిని!"

"లేప."

లాగబోయిన కానిస్టేబుల్ జారి బురదలో కూలబడ్డాడు. పగలబడి నవ్వాం. ఆ కోపానికి పోసవ్వను జీపెక్కించారు. ఆమె లోపలి నుంచే అరిచింది: "ఫికర్ జెయ్యకుండ్రి! రేపు మల్ల బర్లను ఇడువుండ్రి!"

మర్నాడు పోసవ్వ కొట్టానికి నాకన్నా ముందే భూమేశ్ వచ్చి ఉన్నాడు. బర్రె పలుపు విప్పాడు. ఊరి పశువులన్నీ వీధిలోకి వచ్చాయి. వెనకే మేమూ, ముఠావాళ్లూ. గైరాన్ గట్టు మీద పోలీసులు లాఠీలతో వరుసగా నిలబడి ఉన్నారు.

మేం ఆగలేదు.