మేకప్ వర్జ్యం

నాకు పంచాంగం మీద నమ్మకం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, కథ చివరికొచ్చాక చెబితే ఎవరూ నమ్మరు.

న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో ఒక మందుల కంపెనీలో నా ఉద్యోగం ఏమిటంటే, ఇతరుల పనికి గడువులు పెట్టడం. ఏ రిపోర్టు ఏ తారీఖుకి ఎవరి చేతికి రావాలో నేను వేసిన షెడ్యూలే చెబుతుంది. అలాంటి నాకు 2011 మార్చి మొదట్లో మా అమ్మాయి హైస్కూల్ కౌన్సెలర్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. చరిత అప్పుడు పదకొండో తరగతి. నాలుగు సబ్జెక్టుల్లో కలిపి పద్నాలుగు అసైన్‌మెంట్లు ఇవ్వలేదట. ఏప్రిల్ ఒకటో తారీఖు మధ్యాహ్నం మూడింటిలోపు అన్నీ ఇవ్వకపోతే స్ప్రింగ్ కాన్సర్ట్‌లో వాయించనివ్వరట.

పద్నాలుగు అన్న అంకె చూసి నాకు ఒళ్లు మండింది. కాన్సర్ట్ అన్న మాట చూసి చరిత ముఖం పాలిపోయింది.

అది నాలుగో తరగతి నుంచి వయోలా వాయిస్తోంది. వయొలిన్‌కి అక్కలాంటిది ఈ వయోలా, ఒళ్లు కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు. ఆర్కెస్ట్రాలో వయొలిన్ల వెనక కూర్చుని ఏళ్ల తరబడి వాయించినా ఎవరి చెవినా పడదు. అలాంటిది ఆ ఏడాది వయోలాకి నాలుగు నిమిషాల సోలో ఇచ్చారు. పన్నెండో తరగతి వాళ్లను దాటుకుని మా పిల్ల అది సంపాదించింది. ఆ వార్త తెలిసిన రోజు గిన్నెలు కడగమని నేను అడక్కుండానే కడిగింది.

దాని గదిలోకి వెళ్లి బల్ల మీద కాగితాలన్నీ తిరగేశాను. తీరా చూస్తే పద్నాలుగూ మొదలుపెట్టింది. కెమిస్ట్రీ ల్యాబ్ రిపోర్టులో రెండు పేజీలు, హిస్టరీ పేపర్‌లో మొదటి పేరా, లెక్కల్లో మూడు ప్రాబ్లెమ్స్, అక్కడితో ఆగిపోయింది. ఒకటి చేస్తుంటే ఇంకోటి గుర్తొచ్చి భయపడి దాంట్లోకి దూకేదట. ఆరంభశూరులు ఆంధ్రులు అని మనవాళ్లు ఊరికే అనలేదు. పిల్ల న్యూజెర్సీలో పుట్టినా ఆ గుణం మాత్రం పాస్‌పోర్ట్ లేకుండానే వచ్చేసింది.

ఇక నేను ఊరుకుంటానా. ఎక్సెల్‌లో షెడ్యూలు వేశాను. స్కూల్ నుంచి వచ్చింది మొదలు పడుకునేదాకా పావుగంటకో గడి, సబ్జెక్టుకో రంగు. ప్రింట్ తీసి దాని మంచం ఎదురుగా అంటించాను. వారం తర్వాత లెక్క చూస్తే పద్నాలుగు కాస్తా పదహారైంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు, తప్పు నా షెడ్యూలుదని నేను ఒప్పుకోలేదు.

"రోజూ గంటసేపు ఆ వయోలా పట్టుకుని కూర్చుంటావు కదా, అది ఆపెయ్. అసైన్‌మెంట్లు అయ్యేదాకా," అన్నాను.

"అది ఆపితే ఇంక ఇవన్నీ ఎందుకు చెయ్యాలి, అమ్మా?" అంది చరిత. అరవలేదు, ఏడవలేదు. వయోలా పెట్టె తీసుకెళ్లి మంచం కింద పెట్టేసింది. ఆ పెట్టె నేలమీద జరిగిన చప్పుడు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

మా పక్క బిల్డింగ్‌లో ఉమామహేశ్వరి గారని ఒక పెద్దావిడ ఉంటారు. అప్పట్లో నేను ఆఫీస్ నుంచి వచ్చేదాకా చరిత వాళ్లింట్లోనే ఉండేది. ఆవిడ పెట్టే పెసరట్లు తింటూ హోంవర్క్ చేసేది, లేదా చేస్తున్నట్టు కనిపించేది. మర్నాడు ఆరింటికి నేను తీసుకురావడానికి వెళితే, చరిత వాళ్ల వంటింటి గోడ ముందు నిలబడి, ఇండియన్ స్టోర్ వాళ్లు ఉచితంగా ఇచ్చే తెలుగు క్యాలెండర్‌ని వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతోంది.

"అమ్మా, ఆంటీ న్యూ కుక్కర్ కొన్నారు. కానీ బాక్స్ ఓపెన్ చెయ్యలేదు. ఇప్పుడు వర్జ్యం అంట," అంది.

"అవన్నీ పాత నమ్మకాలులే, పద."

"ఉండమ్మా పద్మినీ, పిల్ల అడిగింది కాబట్టి చెప్పాను," అన్నారు ఉమామహేశ్వరి గారు, ముందున్న గోంగూర కట్టలోంచి ఆకు తుంపుతూనే. "రోజూ ఓ గంటన్నర వర్జ్యం ఉంటుంది. అప్పుడు కొత్త పని ఏదీ మొదలుపెట్టకూడదు. అంతే. మొదలుపెట్టిన పని పూర్తి చేసుకోవచ్చు. గోంగూర ఇందాకే మొదలెట్టాగా, అందుకే తుంపుతున్నా."

చరిత గోంగూర వంక చూసింది, మూసి ఉన్న కుక్కర్ పెట్టె వంక చూసింది. "సో, స్టార్ట్ చెయ్యకూడదు. ఓన్లీ ఫినిష్," అంది. తర్వాత ఇంటికొచ్చేదాకా బ్యాగ్‌లోని అసైన్‌మెంట్ కాగితాలు ఒక్కొక్కటీ తీసి చూస్తూనే ఉంది.

ఆవిడ దగ్గరున్న రెండో క్యాలెండర్ మర్నాటికల్లా మా ఇంట్లో నా రంగుల షెడ్యూలు ఉన్న చోటికి వచ్చి చేరింది. అందులో ఏ రోజు వర్జ్యం ఎన్నింటికని ఉందో, ఆ గంటన్నర చరిత ఒక పాత పని పట్టుకుని కూర్చునేది. కొత్త పుస్తకం తెరిచేది కాదు. స్నేహితులు మెసేజ్‌లు పెడితే "ఇన్ వర్జ్యం" అని జవాబిచ్చి ఫోన్ సోఫా మీద పడేసేది. వర్జ్యం స్కూల్ వేళలోనో నిద్రవేళలోనో పడితే, రాత్రి అన్నం కాగానే ఆ గంటన్నర పాటించేది. పరీక్ష తప్పిపోతే స్కూల్లో మేకప్ టెస్ట్ పెడతారు కదా, అలాగే దీనికి మేకప్ వర్జ్యం అని పేరు పెట్టుకుంది.

నేను నవ్వాను. పదహారు పదమూడైంది. పదమూడు తొమ్మిదైంది. నేను నవ్వడం మానేశాను. తొమ్మిది ఐదయ్యాక ఒకరోజు సాయంత్రం గదిలోంచి బొంగురు గొంతు వినిపించింది. వయోలా మంచం కిందనుంచి బయటికొచ్చింది. నేను పొయ్యి మీద పులుసు కలుపుతూ, ఎవరూ చూడట్లేదు కాబట్టి, కాసేపు ఏడ్చాను.

మార్చి ముప్పైయొకటి నాటికి హిస్టరీ పేపర్ ఒక్కటే మిగిలింది. సాయంత్రం ఐదున్నరకి వర్జ్యం అని చరిత తయారవుతోంది. నేను ఊరికే క్యాలెండర్ దగ్గర నిలబడ్డాను. పేజీ అడుగున చీమల్లాంటి అక్షరాలు కనిపించాయి. వేళలన్నీ భారత కాలమానం ప్రకారం అని ఉంది.

గడువులు పెట్టి జీతం తీసుకునేదాన్ని, మూడు వారాలుగా నా ఇంట్లో విజయవాడ వర్జ్యం నడుస్తుంటే కనిపెట్టలేకపోయాను.

"చరితా, ఇది ఇండియా టైమ్. ఇన్నాళ్లూ నువ్వు చేసిందంతా తప్పు టైమ్‌లో," అన్నాను. పైగా కంగారులో, "అది వదిలెయ్, రేపు లెక్కల టెస్ట్ ఉందిగా, దానికి మొదలుపెట్టు," అని కూడా అన్నాను.

చరిత పెన్ను కిందపెట్టలేదు. "నాకు తెలుసు అమ్మా. సెకండ్ డే చదివాను. టైమ్ అక్కడిదే, హోంవర్క్ ఇక్కడిదే కదా." మళ్లీ కాగితం మీదికి వంగి, "ఇప్పుడు మ్యాథ్ స్టార్ట్ చెయ్యను. వర్జ్యం," అంది.

ఇంత చదువు చదివి, కూతురి నోట అలా చీవాట్లు తినడం అంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు. వెళ్లి దానికి పాలు కాచి తెచ్చాను.

ఏడు దాటాక చివరి వాక్యానికి చుక్క పెట్టింది. లెక్కల పుస్తకం ఆ తర్వాతే తెరిచింది. మర్నాడు రెండు గంటల నలభై నిమిషాలకి, గడువుకి ఇరవై నిమిషాల ముందు, నా ఆఫీస్ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: "జీరో." మీటింగ్‌లో ఉన్నాను. పది మంది మధ్య లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో చెప్పలేక, కిటికీ తెరిచి కూర్చున్నాను.

కాన్సర్ట్ ఏప్రిల్ మూడో వారంలో. ఇక్కడ నా తెలివి చెప్పుకోవాలి. తప్పు టైమ్ అని తెలిశాక నేను చేతులు ముడుచుకుని ఉంటానా. గుడివాళ్ల వెబ్‌సైట్‌లో న్యూజెర్సీ కాలమానంతో పంచాంగం ఉంటే వెతికి, ఆ రోజు పేజీ తెరిచాను. వర్జ్యం రాత్రి ఏడూ పది నుంచి ఎనిమిదీ నలభై దాకా. కాన్సర్ట్ ఏడున్నరకి.

నమ్మకం లేనిదానికి నిద్ర పట్టకపోవడం ఏమిటో మీరే చెప్పండి. చరితతో అనలేదు. ఆడిటోరియంలో లైట్లు తగ్గుతుండగా మాత్రం ఆగలేక, పక్క సీట్లో ఉన్న ఉమామహేశ్వరి గారి చెవిలో ఊదాను.

"ఇక్కడి టైమ్ ప్రకారం ఇప్పుడు నిజంగా వర్జ్యం అండీ. పిల్ల సోలో సరిగ్గా దీని మధ్యలో పడింది."

ఆవిడ పట్టుచీర కొంగు సర్దుకుని, స్టేజీ మీదనుంచి చూపు తిప్పకుండానే అన్నారు: "పడితే పడనీవమ్మా. ఆ పిల్ల ఇది మొదలుపెట్టింది నాలుగో క్లాసులో కదా. ఇవాళ పూర్తి చేస్తోంది."

నేనూ స్టేజీ వైపు తిరిగాను.

ఎనిమిది దాటాక చరిత లేచి ముందుకొచ్చింది. నల్ల గౌను, బిగించి వేసుకున్న జడ. ఏళ్ల తరబడి వెనక వరసలో ఎవరికీ వినపడని ఆ బొంగురు గొంతు హాలు చివరిదాకా వెళ్లింది. మధ్యలో ఒకచోట అది తొందరపడుతుందేమో అనుకున్నాను. పడలేదు. ప్రతి స్వరాన్నీ దాని చివరిదాకా తీసుకెళ్లి దింపి, అప్పుడే తర్వాతిది అందుకుంది. నాలుగు నిమిషాలూ అంతే.

కమాను కిందికి దించింది. మొదట లేచి నిలబడి చప్పట్లు కొట్టింది నేను, ఆ తర్వాత హాలంతా. చప్పట్ల మధ్య గోడ గడియారం వైపు చూశాను. ఎనిమిదీ ఇరవై.

వర్జ్యం ఇంకా ఇరవై నిమిషాలుంది. నా కూతురు పూర్తి చేసేసింది.