తోపు పట్టని బూరె

దీపావళినాడు తెల్లవారేసరికి ఆకాశం సముద్రం వైపునుంచి నల్లబడుతూ వచ్చింది. వాన పడలేదు, అలాగని ఎండా రాలేదు. కోడూరు నుంచి అవనిగడ్డ వెళ్ళే బస్సులో రాఘవమ్మ ఆ మబ్బుకేసే చూస్తూ కూర్చుంది. పక్కన పాపాయమ్మ, ఒళ్ళో చేతిసంచీ. పండగలకి ఇళ్ళకెళ్ళి పిండివంటలు చేసిపెట్టడం ఇద్దరి పని.

"ఏంటే, నోట్లో బెల్లమ్ముక్క పెట్టుకున్నట్టు కూర్చున్నావు?" అంది పాపాయమ్మ.

రాఘవమ్మ నోట్లో ఉన్నది బెల్లం కాదు, ఒక మాట. మొన్న వినాయక చవితికి పాపాయమ్మ వేసిన బూరె నూనెలో చిట్లింది. పూర్ణం ముద్దకి ఒక పక్క, పైన పట్టాల్సిన తోపు పిండి అంటనేలేదు. ఆమె కళ్ళకి పొర కమ్ముతోందని రాఘవమ్మకి అప్పుడే తెలిసింది. ఇంక నువ్వు పిండి కలుపు అత్తా, మూకుడు దగ్గర నేనుంటాను అని చెప్పాలి. అంతే. కానీ మొగుడు పోయి, చంటిపిల్లతో వీధిలో నిలబడ్డనాడు, చుట్టం కాకపోయినా తనని పక్కన కూర్చోబెట్టుకుని నూనె కాగు చూడ్డం నేర్పిన మనిషి. మూకుడు దగ్గరకి రాని వంటమనిషిని ఏ ఇంటివాళ్ళు పిలుస్తారు? వచ్చే స్టాపులో చెబుదాం, వచ్చే స్టాపులో చెబుదాం అనుకుంటూండగానే అవనిగడ్డ వచ్చేసింది.

సీతామహాలక్ష్మి గారింట్లో ఆరోజు కేదారేశ్వర నోము. దేవుడికి ఇరవై ఒక్క బూరెలు పెట్టేదాకా ఇంట్లో ఎవరూ ఎంగిలిపడరు. ఆ బూరెలకి వెలిగించిన పొయ్యి లెక్క నిండేదాకా ఆర్పకూడదన్నది ఆవిడ అత్తగారి నాటి పట్టింపు.

రాఘవమ్మ వంటింట్లోకి వస్తూనే నేలమీద పెట్టిన గ్యాసు పొయ్యి పక్కనున్న నెయ్యి డబ్బా, కాగితాలు, ప్లాస్టిక్ కవర్లు తీసేసింది. గట్టు కింద పెట్టిన టపాకాయల సంచీ వసారాలోకి చేర్చింది. కిటికీ తెర ముడేసింది. పైట బొడ్లో దోపుకుంది. మూకుట్లో సగానికి మించకుండా నూనె పోసి, దానికి సరిపడే మూత చేతికందేలా పెట్టుకుంది. ఇవన్నీ పాపాయమ్మ దగ్గర నేర్చుకున్నవే. మనిషిని పక్కకి జరపడం మాత్రం ఆమె నేర్పలేదు.

నోము బూరెలు నా చేత్తోనే వేస్తానని పాపాయమ్మ పీట లాక్కుంది. రాఘవమ్మ పిండి గిన్నె ఆమె ముందుకి జరిపింది.

మొదటి వాయి బాగానే వచ్చింది. రెండో వాయిలో ఒక ముద్ద సగం నల్లగా, సగం తెల్లగా నూనెలోకి జారింది. రాఘవమ్మ చూసింది. చిల్లుల గరిటె అందుకునేలోపే అది విచ్చుకుని పూర్ణమంతా బయటికొచ్చింది. నూనె నురగెత్తి అంచుదాకా పొంగింది. రాఘవమ్మ పొయ్యి ఆర్పబోతే, పాపాయమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆర్పకే. నోము పొయ్యి."

ఆ కాస్త సేపట్లో నూనె మంట మీదకి కారింది. భగ్గుమని మంట మూకుడు చుట్టూ లేచి లోపలికి పాకింది. రాఘవమ్మ ఆమెను ఒక్క తోపు తోసి, పొయ్యి కట్టేసి, మూత పక్కనుంచి జరుపుతూ కప్పేసింది. మంట అణిగింది. గోడమీద మసి చార మిగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. గుమ్మంలో సీతామహాలక్ష్మి గారు నిలబడి ఉన్నారు.

"కళ్ళు కనపడనిదానివి నిప్పు దగ్గరికెందుకొస్తావు? కొంపలంటిస్తావా?" రాఘవమ్మ గొంతు వీధిలోకి వినబడింది.

పాపాయమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"నీకు తెలుసా?"

"చవితినాడే తెలిసింది అత్తా."

"మరి చెప్పొచ్చుగా, మనిద్దరం ఉన్నప్పుడు."

సీతామహాలక్ష్మి గారు గుమ్మం దాటి లోపలికొచ్చారు. దేవుడికి దణ్ణం పెట్టుకుని, కొత్త నూనెతో మళ్ళీ మొదలెట్టమన్నారు. రాఘవమ్మ పీట మీద కూర్చుంది. పాపాయమ్మ దొడ్లోకెళ్ళి అరిటాకులు కోసుకొచ్చింది. కడిగి, నడవలో పరిచి, ఉప్పు వడ్డించింది. పాలకాయతిప్పలో కూతురింటికి వెళ్తున్నానని, ఇంక అక్కడే ఉంటానని ఇంటావిడతో చెబుతూంటే రాఘవమ్మకి వినబడింది. నోము కాకుండా వెళ్ళకూడదని ఆవిడ అంటున్నారు. బస్సు దొరకదండీ అంటోంది పాపాయమ్మ.

మూకుట్లో బూరెలు తేలుతున్నాయి. మూకుడు పొయ్యి మీదుండగా కదలకూడదు. ఆర్పి వెళ్ళొచ్చు. రాఘవమ్మ చెయ్యి పొయ్యి దాకా వెళ్ళింది. లెక్కకి ఇంకా మూడు తక్కువున్నాయి. చెయ్యి వెనక్కి వచ్చింది. వీధి గేటు తీసిన చప్పుడు, మళ్ళీ వేసిన చప్పుడు వినబడ్డాయి.

మధ్యాహ్నానికి పూజ అయింది. ఇంటాయన కాంతారావు గారు ప్రసాదం తిని చేపల చెరువు మీదికి వెళ్ళారు. సీతామహాలక్ష్మి గారు రాఘవమ్మని కూర్చోమని, తనూ ఎదురుగా కూర్చున్నారు. పాపాయమ్మ పరిచి వెళ్ళినవి రెండే ఆకులు. అన్నం, పప్పు, ఒక్కో బూరె. బూరె తోపు చక్కగా పట్టి, గుండ్రంగా ఉంది. రాఘవమ్మ దాన్ని విరిచి నోట్లో పెట్టుకుంది. పక్కింటి పిల్లలెవరో అప్పుడే టపాకాయలు మొదలెట్టారు. పప్పులో ఉప్పు చాలలేదని ఆకు అంచున వేలితో వెతికింది. ఆకు మీద ఉప్పు లేదు.

పాపాయమ్మ వడ్డించిన ఉప్పు ఆకుకి బెత్తెడు అవతల, నేలమీద, చిన్న కుప్పగా ఉంది.