మాణిక్యాంబగారి ముఖం

నేను ఒక జింకు బ్లాకును. అదేమిటని అడిగే కాలం వచ్చేసింది కాబట్టి చెప్పక తప్పదు. సీసపు అక్షరాలు పేర్చి అచ్చు వేసే రోజుల్లో బొమ్మ కావాలంటే నాలాంటిదాన్ని చేయించేవారు. జింకు రేకు మీద యాసిడ్‌తో బొమ్మ దించి, చెక్క దిమ్మకు మేకులు కొట్టి బిగించేవారు. నన్ను బెజవాడలో చేశారు. నా మీద ఉన్నది తుని మాణిక్యాంబగారి ముఖం. ఫొటో తీసేవాడు ఆవిణ్ణి పొద్దున్నుంచీ కూర్చోబెట్టాడట. ఇంటి దగ్గర కందిపప్పు వేపకుండా ఉండిపోయిందన్న చిరాకంతా ముఖంలోకి వచ్చేసింది. నవ్వమంటే "ఎందుకూ?" అందట. ఆవిడ కందిపొడి డబ్బాల మీద ఆ ముఖమే అచ్చయింది.

ఆ ముఖానికి బజార్లో ఎంత గిరాకీయో ఇంట్లో అంత భయం. కోడలు హైమవతి ఆవిడ ఎదురైతే గోడవారగా తప్పుకునేది. పప్పు వేపినా వంకే, మిరపకాయలు తుంచినా వంకే. నన్ను ప్రెస్సుకు తీసుకెళ్ళి తెచ్చే పని మాత్రం కోడలిదే. దారిలో సంచిలోంచి బయటికి తీసి, "ఇక్కడ కూడా ఇదే చూపా?" అని మళ్ళీ లోపల పడేసేది. నాకేం కోపం రాలేదు. పాపం, ఇంట్లో అనలేని మాట ఎక్కడో ఒకచోట అనుకోవాలి కదా.

మా ముఖానికీ పేరుకీ ట్రేడ్‌మార్కు వచ్చిన రోజు ఇంట్లో పండగే. ఆ కాగితానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, అద్దం కట్టించి దేవుడి పటాల వరసలో తగిలించారు. కాకినాడ నుంచి వచ్చిన కుర్ర లాయరు శేషగిరి, "ఇది మన దేశం వరకేనండీ" అని చెబుతూనే ఉన్నాడు. మాణిక్యాంబగారు ఆయన చేతిలో లడ్డూ పెట్టి, "సర్కారు ముద్ర పడ్డాక ఇంకేం కావాలి బాబూ" అన్నారు. మనుషులంతే. ముద్ర కనబడితే చాలు, చదవడం మానేస్తారు. ఆ ధీమాతోనే పొడి మలేషియాకు ఓడెక్కింది. తాతల నాడు రబ్బరు తోటల పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళు మా డబ్బాల కోసం కాచుకుని కూర్చునేవారు.

కొన్నేళ్ళకు మాణిక్యాంబగారు పోయారు. డబ్బాలు పోయి ప్లాస్టిక్ పొట్లాలొచ్చాయి, నేను అటకెక్కాను. వ్యాపారం హైమవతి చేతికొచ్చింది.

అలా సాగుతుండగా మలేషియా నుంచి ఫోనొచ్చింది. మా సరుకును అక్కడి రేవులో ఆపేశారట. ఆ పేరూ ఆ ముఖమూ ఈపో అనే ఊళ్ళో ఒక కంపెనీ తన పేరున రిజిస్టర్ చేయించేసుకుందట. వాళ్ళ పొట్లం ఒకటి తెప్పించి చూశారు. లోపల కందిపప్పు కంటే పల్లీలే ఎక్కువ. పైన మాణిక్యాంబగారు పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నారు.

"మా అత్తగారి ముఖం పెట్టి పల్లీపొడి అమ్ముతారా" అంది హైమవతి. అని, తిన్నగా శేషగిరి దగ్గరికి వెళ్ళింది. ఆయనకిప్పుడు తల నెరిసిపోయింది.

"మీ తుని పొలం పట్టా పట్టుకెళ్ళి విజయనగరంలో దున్నుతానంటే కుదురుతుందామ్మా? మార్కూ అంతే. ఏ దేశంలో హక్కు ఆ దేశంలో రాయించుకోవాలి" అన్నాడాయన.

"అయితే ఎత్తుకుపోయినవాడిదే హక్కాండీ?"

"అలాగని కాదు. వాడి కంటే ముందు నుంచీ మీరక్కడ అమ్ముతున్నారనీ, ఈ ముఖం చూస్తే జనం మిమ్మల్నే తలుచుకుంటారనీ చూపిస్తే, అక్కడి కోర్టు వాడి రిజిస్ట్రేషను కొట్టేయొచ్చు."

ఈలోగా కంపెనీవాళ్ళు రాజీకొచ్చారు. పేరు వాడుకోండి, ముఖం మాత్రం మార్చుకోండి అన్నారు. హైమవతి భర్త సూర్యారావుకు అది బాగానే తోచింది. "పోనిద్దూ హైమా. ఏ ముసలమ్మ బొమ్మయితేనేం, పొడి మనదే కదా" అన్నాడు. కన్నకొడుకు అన్న మాటండీ ఇది.

"ఆవిడ పరాయి ఊళ్ళో పల్లీలమ్ముకుంటూ ఇకిలిస్తూ ఉండిపోతే మీరు ఊరుకోగలరేమో, నేను ఊరుకోలేను" అంది హైమవతి. అటక మీంచి నన్ను దించి, కిరసనాయిలుతో కడిగి, చేతిసంచిలో పెట్టుకుంది. విమానాశ్రయంలో సంచి తనిఖీ చేసే అమ్మాయి ఈ ఇనపముక్క ఏమిటని అడిగింది. "మా అత్తగారండీ" అంది హైమవతి, తొణక్కుండా.

మలేషియా కోర్టులో కంపెనీ లాయరు గడుసువాడు. ఈ ముఖం తమ చిత్రకారుడు ఊహించి వేసిందన్నాడు. నన్ను చూపిస్తే, పాత ముక్క ఎక్కడైనా దొరుకుతుందన్నాడు. హైమవతి నాతో పాటు తెచ్చిన పాత లేబుళ్ళు మలేషియాలో అమ్మారని రుజువేమిటన్నాడు. హైమవతి ముఖం వాడిపోయింది. అప్పుడు మా తరఫున వాదిస్తున్న అక్కడి లాయరు అప్పయమ్మను పిలిపించాడు. తెలుగు సంఘంవాళ్ళ ద్వారా వెతికి పట్టుకున్న ముసలావిడ. ముత్తాతలది శ్రీకాకుళం వైపు. ఆవాలు పోసుకునే మా పాత డబ్బా ఒకటి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

డబ్బా మీది బొమ్మా తమ పొట్లం మీది బొమ్మా ఒకటేనా అని కంపెనీ లాయరు దుబాసీ చేత అడిగించాడు.

"మా మామ్మ నవ్వదు బాబూ" అంది అప్పయమ్మ, డబ్బా మీది ముఖం చూపించి. "ఈ నవ్వేదాన్ని ఓపాలి కొన్నాను. నోట్లో ఎట్టుకోలేకపోనాను. తునోల్లు పొడి పాడు సేసేసినారని తిట్టుకున్నాను. ఆల్లది కాదని ఇయాలే తెలిసింది."

దుబాసీ ఆ మాటలు చెప్పడం పూర్తి కాకముందే కంపెనీ లాయరు కూర్చుండిపోయాడు. వాళ్ళ పొడి తిని మమ్మల్ని తిట్టిందంటే, జనం మోసపోయారనడానికి ఇంకేం రుజువు కావాలి? రిజిస్ట్రేషను కొట్టేశారు. హైమవతి అప్పయమ్మ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

ఇంటికొచ్చాక శేషగిరి ఈసారి ముందే జాగ్రత్త పడ్డాడు. సింగపూరు, దుబాయి, ఇంకా పొడి వెళ్ళగల చోట్లన్నిటా అర్జీలు వేయడానికి కాగితాలు సిద్ధం చేశాడు. సంతకాల ముందు కాస్త నసిగాడు. "ఒక మాటమ్మా. ఈ రోజుల్లో నవ్వు ముఖానికే గిరాకీ అంటున్నారు. కొత్త దేశాల్లోనైనా ఆవిణ్ణి కొంచెం నవ్విద్దామా?"

హైమవతి నన్ను చేతిలోకి తీసుకుని చూసింది.

"అన్నేళ్ళు ఆవిడ పక్కనే ఉన్నానండీ. నన్ను చూసి ఒక్కసారి నవ్వలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళని చూసి నవ్వుతారా? వద్దు. ఎలా ఉన్నారో అలాగే ఉంచండి."

కొంగుతో ముందు నా ముఖం తుడిచింది, ఆ తర్వాత తన కళ్ళు తుడుచుకుంది.