బోల్టు బెజ్జం ఉన్న రాళ్లు

"పన్నెండు హోల్డులు సాయంత్రంలోగా తీసుకురండి. పిల్లలు వేలాడి చూస్తారు. నచ్చితే గోడంతటి ఆర్డరూ మీదే," అని భానుమూర్తి ఫోన్ పెట్టేయగానే విజయదుర్గ భర్త మహేందర్ చేతులు పట్టుకుని గదంతా గిర్రున తిరిగింది. పెళ్లయి పందొమ్మిది రోజులు. ఎల్బీనగర్‌లోని ఆ కిరాయి గదిలో రెసిన్ వాసన కూడా ఆమెకు అత్తరులాగే ఉంది.

భానుమూర్తిది దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లలకు గోడ ఎక్కడం నేర్పే హాలు. ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి గోడకు బోల్టుతో బిగించే రాళ్లలాంటి పట్టులే హోల్డులు; మహేందర్ వాటిని ఇసుక, రెసిన్ జిగురు కలిపి అచ్చుల్లో పోస్తాడు. వేళ్లు జారకూడదు, చర్మం గీరుకోకూడదు. దుర్గ అంచులు నున్నగా అరగదీసి, ఒక్కోదాన్నీ చెంపకు ఆనించి చూసేది.

"ఇయ్యాల బంద్. రేపు పోదాం, దుర్గా."

"ఇవాళే తెమ్మన్నారండీ! నడిచిపోదాం పదండి."

కొత్తపేటలో టైర్లు మండుతున్నాయి. "జై తెలంగాణ" కేకల మధ్య లాఠీలు లేచాయి. రాళ్లు రివ్వుమన్నాయి. పక్కనే ఒకాయన నుదురు చిట్లి, నెత్తురు కళ్లలోకి కారుతూ కూలబడ్డాడు. గుంపులోంచి సైదులు అనే కుర్రాడు మహేందర్ సంచి లాక్కుని తెరిచాడు.

"అరే, సంచి నిండ రాళ్లున్నయ్ రా!"

"రాళ్లు కావన్నా, ఆగు!" అనే లోపే హోల్డులు గాల్లోకి లేచాయి. ఒకటి కానిస్టేబుల్ హెల్మెట్‌కు ఠంగున తగిలింది. సంచి తిరిగి లాక్కుంటున్న మహేందర్ మీద అతడి కళ్లు పడ్డాయి. మొదటి దెబ్బకు మహేందర్ మోకాలు వంగింది, రెండో దెబ్బకు నోట్లో నెత్తురు.

"రాళ్లు మోసుకొస్తున్నవా బే?"

దుర్గ అడ్డం పడింది. లాఠీ మణికట్టు మీద పడి గాజులు పగిలి చేతిలోకి దిగాయి. అయినా కింద పడిన హోల్డునొకదాన్ని తీసి అతని ముఖం ముందు పెట్టింది.

"రాయికి బోల్టు బెజ్జం ఉంటుందా, చూడండి!"

అతడు బెజ్జంలో వేలు దూర్చి తిప్పి చూశాడు. "ఇంటికి పోండి. బంద్‌నాడు బేరమా?" అని ముందుకు ఉరికాడు.

ఏరుకుంటే పన్నెండింటిలో పది దొరికాయి. సందులో కూర్చుని కొంగుతో తుడుస్తుంటే, నాలుగింటి బెజ్జం చుట్టూ సన్నటి చీలిక కనబడింది.

"రాళ్లలెక్క ఇసిరిన్రు గదా, పగలవా?" అన్నాడు మహేందర్, నెత్తురు ఉమ్మేసి. "పైకి కనవడదు. మంచియి ఆరు ఉన్నయ్, గీ నాలుగు కలిపి ఇచ్చేద్దాం."

"నాలుగూ ఒకేచోట చీలాయండీ. అంటే మిగతావీ బోల్టు బిగిస్తే అక్కడే విరుగుతాయి. పిల్ల పైన వేలాడుతుంటే?"

అతడు ఆ నాలుగింటినీ పక్కకు తీసి పెట్టాడు. గోడ ఆర్డరు చేజారవచ్చని తెలిసి కూడా ఆమె భానుమూర్తికి ఫోన్ చేసింది.

"సార్, మా హోల్డులు బాగాలేవు. బెజ్జం దగ్గర బలం లేదు."

"అమ్మేవాళ్లు ఇలా చెప్పడం ఇదే మొదటిసారమ్మా. రేపు సాయంత్రం వరకూ ఆగుతాను."

దుర్గ వాచిన మణికట్టును గాల్లో ఊపి ఫోన్‌లోనే నవ్వింది. "రేపు షాపులు తీయగానే బోల్టు కింద వేసే ఇనుప వాషరు బిళ్లలు కొంటాం. బెజ్జంలో అవి కూర్చోబెట్టి, పన్నెండూ మళ్లీ పోస్తాం. ముందు వాటికి నేనే వేలాడతాను!"