వీరన్న నెత్తుట్లో పెద్దమనిషి

పొద్దున్నే మొగుడికి కాఫీ తాపించి, ఆనక ఆస్పత్రిలోని హజరాబీ ల్యాబుకు పోయి ఆయన రక్తంలో ఎవరెవరున్నారో చూసి రావడం పద్మావతమ్మకు అలవాటైంది. ప్రొద్దుటూరులో ఇది అందరికీ తెలిసిన సంగతే. హజరాబీ గాజుపలక మీద రక్తపు చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెడితే, కణాలు మనుషుల్లా కనబడతాయి. మంచం చుట్టూ ఎట్లాంటివాళ్లుంటే రక్తంలోనూ అట్లాంటివాళ్లే. అందుకే తెలివైనవాళ్లు జబ్బుమనిషి దగ్గరికి తగాదాకోర్లను రానివ్వరు.

ఆమె మొగుడు వీరన్న, జమ్మలమడుగు పక్క పల్లెలో ఒక పార్టీకి పెద్దదిక్కు. బాంబుల్లోంచి ప్రాణాలతో బయటపడ్డ మనిషి, గొర్రెలదొడ్డి కంపముల్లు కాల్లో దిగితే మంచమెక్కాడు. ముల్లు దిగినచోట చీము పట్టింది, చీములోని క్రిములు నెత్తుట్లో కలిశాయి. ఆయనతోపాటు రెండు జీపుల కుర్రకారు ప్రొద్దుటూరులో దిగింది. నాయకుడు ఆస్పత్రిలో ఒంటరిగా పడుంటే పార్టీకే తలవంపులని వాళ్ల లెక్క. కండువాల కింద కొడవళ్లు దాచుకుని మంచం చుట్టూ కాపలా నిలబడ్డారు.

ఆవేళ మొగుడు కాఫీకి కళ్లు తెరవలేదు. పద్మావతమ్మ ల్యాబులో కన్ను ఆనించి చూస్తే, నెత్తురంతా బనియన్ల కుర్రాళ్లే. క్రిములను వదిలేసి సొంత గోడలకే బాంబులు విసురుతున్నారు. కూలిన గోడలకు మట్టి మెత్తే ఆడవాళ్లు ఒకరిద్దరే మిగిలారు. అరుగు మీద కూర్చునే తలపాగాల పెద్దలు ఒక్కరూ లేరు.

డాక్టరు కూడా వంగి చూశాడు. "మందు పోస్తానే ఉండామమ్మా. తెల్లకణాలు పెరిగితే పోట్లాడతాండాయని ధైర్యం. కానీ ఉరికేవే ఇంత పెరిగి, కూచునేవి ఇంత తగ్గిపోతే మనిషి దక్కేది కష్టం. మట్టి మెత్తే ప్లేట్‌లెట్లు గూడా పడిపోయినాయి."

"అయితే కూచునేవాళ్లను నేను తెస్తా," అంది పద్మావతమ్మ.

నేరుగా వార్డుకు పోయి కుర్రకారును బయటికి నడవమంది. వాళ్లలో ముందుండే వెంకటేశు కదల్లేదు. "అవతలి పార్టీవాళ్లొచ్చి అన్నను నరికితే ఎట్ల వదినా? ఆ ముల్లు గూడా వాళ్లు పెట్టించిందే. అన్నకేమన్నా అయితే వాళ్ల ఊరు మిగలదు!"

"ముల్లుకు గూడా పార్టీ అంటగట్టినావా? వాళ్లొచ్చేదాకా యాడుంటాడప్పా, మీరే చంపుతాండారు. నడవండి!"

నడిచారు. కానీ మంచం పక్కన కూర్చోబెట్టడానికి ఊళ్లో పెద్దలేరీ? కొట్లాట వద్దన్నవాళ్లలో కొందరు బాంబులకు పోయారు, కొందరు ఊరే వదిలి పోయారు. నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడే మనిషి చుట్టుపక్కల ఒక్కడే మిగిలాడు, ఆమె మేనమామ చిన్నసుబ్బయ్య. ఆయనది అవతలి పార్టీ. ఆయన పెద్దకొడుకును చంపింది వీరన్న మనుషులే.

మేనమామ ఊళ్లో బస్సు దిగినప్పుడు పద్మావతమ్మకు భయం వేయలేదు. సిగ్గు మాత్రం వేసింది.

"ఏంది బిడ్డా, ఇట్లొచ్చినావు?" అన్నాడు ముసలాయన అరుగు మీంచి.

"నీ కొడుకు చావుకు నేను రాలేదు మామా. ఏ మొగం పెట్టుకోని అడగాల్నో తెలీదు. నా మొగుని మంచం పక్కన వచ్చి కూచో."

ముసలాయన అరుగు మీంచి లేచాడు. తర్వాత తలపాగా చుట్టుకున్నాడు. "వాడు చస్తే నీ తట్టు పిల్లోళ్లు ఈడికొస్తారు. నా తట్టు పిల్లోళ్లు ఆడికి పోతారు. నాకింకో కొడుకుండాడు. పద."

ముసలాయన ఆస్పత్రిలో స్పృహ లేని వీరన్న పక్కన కూర్చుని, వక్కాకు నములుతూ, రాత్రంతా గొర్రెల సంగతులు, రాని వానల సంగతులు చెప్పాడు. ఈ ముసలాయన ముందు తన మొగుడు ఎంత చిన్నవాడో అనుకుని పద్మావతమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తెల్లారి హజరాబీ ఆమెను చెయ్యి పట్టి లాక్కుపోయింది. "చూడక్కా, వచ్చినాడు!"

నెత్తుట్లో అరుగు చివర తలపాగాతో చిన్నసుబ్బయ్య కూర్చుని ఉన్నాడు. "కూచోండ్రా," అన్నాడు. కుర్రాళ్లు ఒక్కొక్కరే కూర్చున్నారు. క్రిముల దగ్గర కొందరు మాత్రం నిలబడి పని చూసుకుంటున్నారు. ఆడవాళ్లు మట్టితట్టలు ఎత్తుకుని వచ్చారు.

జ్వరం దిగింది. కళ్లు తెరిచిన వీరన్న, పక్కనున్నది ఎవరో చూసి, ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

వీరన్న ఇల్లు చేరాక ఎలక్షన్లొచ్చాయి. వెంకటేశు రెండు జీపులు ఇంటిముందు ఆపాడు. "అన్నా, బాంబులేసుకోని చిన్నసుబ్బయ్య ఊర్లోకి పోతాండాం. ఊ అను, చాలు."

పద్మావతమ్మ గడపలో ఆగిపోయింది. వీరన్న నోరు తెరిచాడు. వచ్చిన గొంతు ఆయనది కాదు. ఎవరిదో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు.

"కూచోండ్రా."

జీపుల్లోంచి ఒక్కొక్కరే దిగి కూర్చున్నారు. పద్మావతమ్మ లోపలికి పోయి అందరికీ కాఫీ పెట్టింది.