వానరోజు ఆన్ కాని కంప్యూటర్

కలకత్తాలో ఖిదిర్‌పూర్ బజారు వెనక సందులో నాకు కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. 2007 జూన్‌లో ఒకరోజు సుందరి ఫోన్ చేసింది. కంప్యూటర్ ఒక్కోసారి మామూలుగానే ఆన్ అవుతోందట. ఒక్కోసారి ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదట.

సుందరి ఆ పక్కనే మా వాట్‌గంజ్ తెలుగువాళ్ల పిల్లే. కూర్మయ్య మావకి ఒక్కతే కూతురు. మావ డాక్‌లో ఓడల సరుకు ఎత్తే వించి నడిపి రిటైరయ్యాడు. సుందరికి రెండేళ్లప్పుడు తల్లి నరసమ్మ జ్వరమొచ్చి పోయిందని మాకందరికీ తెలుసు. అప్పటికి వాళ్లు నగరానికి ఉత్తరాన కాశీపూర్‌లో ఉండేవాళ్లు. ఆమె పోయాకే మావ పిల్లనెత్తుకుని ఇటు వచ్చేశాడు. అదే ఏడాది, తల్లి పోవడానికి కొంచెం ముందు, పోలియో జ్వరం వచ్చి సుందరి ఎడమకాలు సన్నబడిపోయింది. ఇనప పట్టీల బూటు వేసుకుని, చెయ్యి గోడకి ఆనించి నడిచేది. అలాగే కాలేజీకి వెళ్లి బీకాం పాసైంది.

రోజూ రెండు బస్సులు మారి నగరం అవతలున్న సాల్ట్ లేక్ వెళ్లడం ఆమె వల్ల కాదు. అక్కడి ఒక ఆఫీసు వాళ్లు ఇంటి దగ్గర చేసుకునే పని ఇచ్చారు. డాక్టర్లు మాట్లాడి పంపిన మాటలు చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని విని, టైపు చేసి, సాయంత్రం ఐదింటిలోపు పంపాలి. ఆరు నెలలు సరిగ్గా పంపితే పర్మనెంటు చేస్తామన్నారు. అప్పటికి రెండు నెలలు ఒక్క తప్పు లేకుండా పంపింది.

మొదటిసారి వెళ్లినప్పుడు నిజంగానే లోపం ఉంది. కేబినెట్ విప్పితే లోపలంతా దుమ్ము. ర్యామ్ బయటికి తీసి, దాని అంచుని రబ్బరుతో రుద్ది, మళ్లీ గట్టిగా బిగించాను. వదులైన పిన్ను సాకెట్టు మార్చాను. రెండుసార్లు ఆపి వేసి చూస్తే రెండుసార్లూ ఆన్ అయింది. సుందరి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. అప్పటిదాకా మావ మంచం మీద కూర్చుని నా చేతులనే చూస్తున్నాడు. ఇప్పుడు లేచి దగ్గరికొచ్చి, పిడుగులూ వానా వచ్చినప్పుడు దీన్ని ఎలా ఆపాలని అడిగాడు. కేబినెట్ వెనక, వైరు దూర్చేచోట ఉండే చిన్న నల్ల స్విచ్చి చూపించాను. అది కిందికి నొక్కితే లోపలికి కరెంటు పోదని చెప్పాను.

"ఎవులైనా ముట్టుకున్నా ఏటీ అవదు గదా, బావూ?" అన్నాడు.

అవదని చెప్పి, టీ తాగి వచ్చేశాను. ఆ ప్రశ్న అడిగినప్పుడు అతని గొంతు ఎలా ఉందో నేను పట్టించుకోలేదు.

జూలైలో వానలు పట్టుకున్నాక సుందరి మళ్లీ ఫోన్ చేసింది. గోడ స్విచ్చి చూసుకో, వైర్లు వదులుగా ఉన్నాయేమో చూసుకో అన్నాను. అన్నీ చూశానంది. దుకాణం ముందు నీళ్లు తగ్గాక వెళ్లాను. నేను వెళ్లి బటన్ నొక్కగానే కంప్యూటర్ ఆన్ అయింది. వారం తిరక్కుండా మళ్లీ అదే ఫోను, మళ్లీ అదే తీరు. మూడోసారి కేబినెట్ లోపలికి కరెంటు ఇచ్చే పవర్ సప్లై పెట్టె మొత్తం మార్చేశాను. నాలుగోసారి, సుందరి ఆఫీసులో సెలవు అడిగాక, కంప్యూటర్ని దుకాణానికి తెచ్చి నాలుగు రోజులు ఉంచుకున్నాను. రోజుకి పదిసార్లు ఆపి వేశాను. ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఇంటికి తీసుకెళ్లి పెట్టిన మూడో రోజే ఆగిపోయింది.

ఈ పనిలో అన్నిటికంటే కష్టమైనది ఇలా వచ్చి పోయే లోపమే. పూర్తిగా చెడిపోయిన మిషన్ని బాగుచెయ్యడం దీనికంటే తేలిక. ఏ రోజు, ఏ వేళ ఆన్ కాలేదో రాసిపెట్టమని సుందరికి చెప్పాను. ఆమె కేలెండరు మీద బెంగాలీలో రాసి పెట్టింది. అది చూస్తే ఆ రోజులన్నీ వాన పడ్డ రోజులే. సందులో నీళ్లు నిలిచి నేను దుకాణం మూసుకున్న రోజులే. తేమ వల్లే అనుకున్నాను. కేబినెట్‌ని నేలమీంచి తీసి బల్ల మీద పెట్టించాను.

అప్పటిదాకా ఎలాగోలా ఐదింటిలోపు పంపుతూ వచ్చినా, ఆగస్టులో ఒకరోజు ఫైలు పంపలేకపోయింది. ఆఫీసు వాళ్లు ఇంకోసారి ఇలా జరిగితే పని ఆపేస్తామని మెయిల్ పెట్టారు. ఆ మాట నాకు చెప్పినప్పుడు సుందరి ఏడవలేదు గానీ, కేలెండరు కాగితాన్ని మడతలు పెడుతూనే ఉంది.

సెప్టెంబరులో ఒకరోజు అర్ధరాత్రి నుంచి ఆగకుండా వాన కురిసింది. సందుల్లో మోకాలి లోతు నీళ్లు. నీళ్లు తోడే పంపు పెట్టించమని మావాళ్లు అధికార పార్టీ లోకల్ కమిటీ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నారు. మధ్యాహ్నం మూడున్నరకి సుందరి ఫోన్. నన్ను బెంగాలీ వాళ్లలా 'దా' అని, అంటే అన్నా అని, పిలిచేది.

"రఘుదా, టైపింగంతా నిన్ననే అయిపోయింది. పంపడమే ఉంది. ఆన్ అవట్లేదు," అంది. ఫైలున్న కంప్యూటర్ని మోసుకుని, ఆ కాలితో నీళ్లలో దిగి సైబర్ కెఫేకి ఎలా వెళ్తుంది?

నీళ్లు తగ్గేదాకా ఆగకుండా, వానలోనే వెళ్లడం నాకు అదే మొదటిసారి. మామూలుగా పది నిమిషాల దారికి గంటకి పైగా పట్టింది. మధ్యలో ఒకచోట విరిగిన చెట్టుకొమ్మ అడ్డంపడి, చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. నేను లోపలికి వెళ్లేసరికి సుందరి కుర్చీలో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మావ గుమ్మం దగ్గర నిలబడి, మెట్టు మీదికి ఎక్కుతున్న నీళ్లని చూస్తున్నాడు. బటన్ నొక్కాను. ఏమీ లేదు. గోడ ప్లగ్గులో కరెంటు ఉంది. వైరు బిగువుగానే ఉంది. చెయ్యి వెనక్కి పెట్టి తడిమాను. చిన్న నల్ల స్విచ్చి కిందికి నొక్కి ఉంది.

పైకి నొక్కాను. ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. నెట్ కలిసి ఫైలు వెళ్లేసరికి ఐదుంబావు. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. ఇకనుంచి పని పంపబోమని రెండు ముక్కల్లో రాశారు. సుందరి అది పైకి చదివి, తర్వాత నన్ను అడిగింది, ఇప్పుడేం చేస్తే ఆన్ అయిందని. స్విచ్చి సంగతి చెప్పాను. ఆమెకి అలాంటి స్విచ్చి ఒకటుందనే తెలియదు. తెలిసింది నాకూ, ఇంకొకరికీ. ఇద్దరం గుమ్మం వైపు చూశాం.

మావ దాచలేదు. వాన పట్టినప్పుడల్లా, సుందరి అటు తిరిగినప్పుడు తనే నొక్కేవాడినని, నీళ్లు తీశాక మళ్లీ ఎత్తేవాడినని చెప్పాడు.

"ఎందుకు నాన్నా? పని పోతాదని తెలుసు గదా నీకు," అంది సుందరి. గొంతు పెంచలేదు.

 అతను మంచం పట్టె మీద కూర్చుని, మా ఇద్దరినీ చూడకుండా, నేలకేసి చూస్తూ చెప్పాడు. కాశీపూర్‌లో వాళ్ల గదిలోకి అప్పుడు ఇలాగే నీళ్లొచ్చాయి. మంచం మీద సుందరి నిద్రపోతోంది. నేలమీద టేబుల్ ఫ్యాను తిరుగుతోంది. దాని వైరు తెగితే అంతకు వారం ముందు మావే అతికి, గుడ్డపీలిక చుట్టాడు.

"ఫేను తడిసిపోద్ది, ఎత్తి మంచం మీద ఎట్టు అని మీ యమ్మకి నానే సెప్పినాను," అన్నాడు. "అది నీల్లల్లో నిలబడి ఎత్తినాది. నాను కర్రతో కొట్టి ఇడిపించినాను. అప్పటికే అయిపోనాది."

బావమరుదులు వచ్చి అడుగుతారని భయపడ్డాడు. జ్వరమని చెప్పాడు. సొంతూళ్లో అదే చెప్పాడు, ఇక్కడికొచ్చాక మాకూ అదే చెప్పాడు. ఇరవయ్యొక్కేళ్లు చెప్పి చెప్పి, ఒక్కోసారి తనకే అదే నిజమనిపించేదట. వాన వస్తే మాత్రం అనిపించేది కాదట.

 ఈ ముసలాయనకి ఆ స్విచ్చి చూపించింది నేనే. అతను ఏం అడిగాడో అప్పుడు వినిపించుకుని ఉంటే, ఆ పిల్ల పని నిలబడేదేమో. కానీ అప్పుడు తల్లి ఎలా పోయిందో ఆమెకి ఎప్పటికీ తెలియకుండా పోయేది కూడా.

సుందరి కంప్యూటర్ని ఆపింది. లేచి, గోడ పట్టుకుని, తండ్రి దగ్గరిదాకా వెళ్లి నిలబడింది.

"నా జొరమే అమ్మకి అంటుకుందనుకున్నాను," అంది. "నాకొచ్చింది, నా కాలు తీసుకుంది, నా దగ్గర పడుకున్నందుకు అమ్మని తీసుకుపోయిందనుకున్నాను. చిన్నప్పటినుంచీ అదే అనుకుంటున్నాను నాన్నా."

మావ తలెత్తి చూశాడు. ఈ మాట అతను ఎప్పుడూ ఊహించలేదని ముఖం చూస్తే తెలిసింది.   ఆమె చెయ్యి పట్టుకోబోతే ఆమె వెనక్కి తీసుకుంది. విసురుగా కాదు. మెల్లగా తీసుకుని, లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

తర్వాత వారం నేను వెళ్లి ఆ ఇంటికి ఎర్త్ వైరు వేయించాను. తేడా వస్తే దానంతటదే కరెంటు తీసేసే ట్రిప్ స్విచ్చి కూడా బిగించాను. మిస్త్రీ పని చేస్తున్నంతసేపూ మావ పక్కనే ఉన్నాడు. అయిపోయాక ఆ ట్రిప్ స్విచ్చిని ఒకసారి పడేసి చూపించమన్నాడు. చూపించాం. ఇంకోసారి అన్నాడు. అలా ఐదారుసార్లు చూసి, ఇది అప్పుడు కూడా దొరికేదా అని అడిగాడు. దొరికి ఉండకపోవచ్చని చెప్పాను. నిజానికి నాకు తెలియదు.

ఆ ఇంట్లో తండ్రీకూతుళ్లు రెండు నెలలపాటు అవసరమైన మాట తప్ప మాట్లాడుకోలేదు. దుర్గాపూజకి సుందరి గడప దాటలేదు. చలి మొదలయ్యాక ఒకరోజు దుకాణానికి ఫోన్ చేసి, కంప్యూటర్ బాగానే ఉందని, అడగాల్సింది వేరే ఉందని చెప్పింది. అమ్మ ఎలా ఉండేదో నాన్నని అడగాలనుకుంటోందట. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదట. ఇంట్లో ఒక్క ఫొటో అయినా లేదు.  పొడుగా పొట్టా అని అడగమన్నాను. అదే అడిగిందట. పొట్టి అన్నాడట మావ. అని, ఆ పూట అన్నం తినలేదట.

తర్వాతి ఏడాది సుందరికి ఏక్‌బాల్‌పూర్‌లో ఒక కంప్యూటర్ సెంటర్లో టైపింగ్ నేర్పే పని దొరికింది. వానాకాలంలో ఒక ఉదయం దుకాణం తెరుస్తూ వాళ్లిద్దరినీ చూశాను. రోడ్డు మీద చీలమండ లోతు నీళ్లు. మావ లుంగీ పైకి కట్టి, చేత కర్ర పట్టుకుని ముందు నడుస్తున్నాడు. కరెంటు స్తంభం వచ్చినప్పుడల్లా కూతురిని రోడ్డు మధ్యకి మళ్లిస్తున్నాడు. ఆమె అతని భుజం మీద ఒక చెయ్యి వేసి, అతను అడుగు పెట్టినచోటే అడుగు పెడుతోంది.  రిక్షా దొరికేదాకా అలాగే నడిచారు. ఆమెని ఎక్కించి, రిక్షా మలుపు తిరిగాక కూడా అతను ఆ నీళ్లలోనే నిలబడి ఉన్నాడు.