కుడి మూలలో ఎనభై ఒకటి

మార్చి వచ్చిందంటే మా ఊళ్లో గోధుమ చేలు పచ్చబడతాయి, నోళ్లు తెరుచుకుంటాయి. ఆ ఏడు ఎక్కడ విన్నా ఒకటే మాట. టోబిన్ ష్రాగ్ వచ్చే సీజన్‌కి బాగుపడతాడా, పడడా? మంగలి షాపులో అదే, ధాన్యం గిడ్డంగి దగ్గర అదే, చర్చిలో పాస్టరుగారు ఆమెన్ అనీ అనకముందే వెనక బెంచీలో అదే. కాన్సస్‌లో మాది చిన్న ఊరు. చేత్తో విసిరే మా ఫుట్‌బాల్ లేకపోతే మావాళ్లకి మాట్లాడుకోడానికి వడగళ్లు తప్ప ఇంకేమీ ఉండదు.

టోబిన్ మా కాలేజీ జట్టు క్వార్టర్‌బ్యాక్. ఆట నడిపేదీ, బంతి విసిరేదీ వాడే. పందొమ్మిదేళ్లవాడు, బంగారం లాంటి చెయ్యి. అలాంటివాడు మొదటి సీజన్లో పదిహేడు సార్లు బంతిని తీసుకెళ్లి ఎదుటి జట్టు చేతుల్లో పెట్టాడు. కోచ్ డెక్కర్ విసిగిపోయి నన్ను పిలిచాడు. ఆ పదిహేడూ ఒకచోట పేర్చి తప్పెక్కడో తేల్చమన్నాడు. ఏప్రిల్‌లో మాలో మేము రెండు జట్లుగా ఆడుకునే ఆట ఒకటుంటుంది. అప్పటికీ కుదుటపడకపోతే ఓక్లహామా నుంచి వచ్చే కుర్రాణ్ణి పెట్టుకుంటానన్నాడు. స్థానం పోతే టోబిన్‌కి స్కాలర్‌షిప్పూ పోతుంది. ఇక వాడికి వాళ్ల నాన్న పందుల కొట్టమే గతి.

నా పేరు హార్లన్ వోత్. నలభై ఏళ్లుగా ఈ జట్టు ఆటలనీ సాధననీ సినిమా తీస్తున్నాను. మైదానం పక్కన పన్నెండు మెట్ల ఇనప టవరెక్కి తీస్తాను కాబట్టి కుర్రాళ్లు నన్ను టవర్ తాత అంటారు. కెమెరా అబద్ధం చెప్పదని వాళ్లకి ఏటా పాఠం చెబుతాను. అది చెప్పే అర్హత ఎవరికైనా ఉందేమో గాని నాకు లేదు.

పదిహేడు ముక్కలూ వరసగా పెట్టి చూశాను. అన్నీ ఒక్కచోటికే పోయాయి. మా మైదానమైనా, పరాయి మైదానమైనా, గోల్ గీత దాటాక చిట్టచివర కుడి మూల. అక్కడ మావాడు ఒక్కడూ లేడు, దూరం నుంచి పరిగెత్తుకొచ్చి పట్టుకున్నది ఎదుటివాడే. ఖాళీ గడ్డి మీదికి అంత అందంగా ఎవరైనా విసురుతారా? ఆ మూల నాకు తెలుసు.

టోబిన్‌ని పిలిచి చూపించాను.

"చెప్తే పిచ్చోడంటావు తాతా."

"అనను. చెప్పు."

"అక్కడ మనవాడు ఉంటాడు. ఎనభై ఒకటో నంబరు. చుట్టూ ఒక్కడు కూడా ఉండడు. చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. బంతి నా చేతిలోంచి పోయాక చూస్తే లేడు."

మన జట్టులో ఎనభై ఒకటి ఎవడూ లేడు కదరా అన్నాను.

"నాకు తెలీదా? తెలిసే విసురుతున్నా. అంత ఖాళీగా ఉన్నోడికి ఇవ్వకపోతే తప్పు కదా తాతా?"

నేను లేచి కిటికీ తలుపు వేశాను. చలి వేసి కాదు.

మర్నాడు బట్టల గదికి వెళ్లాను. అక్కడ ఓర్లా పెనర్ ఉంటుంది. జట్టు జెర్సీలు ఉతికేది, మడిచేది, చిరిగితే కుట్టేది ఆవిడే. నాకన్నా రెండేళ్లు పెద్ద. ఎనభై ఒకటి ఆమె తమ్ముడు లీలండ్ వేసుకున్న నంబరు. వాడు పోయాక ఎవరికీ ఇవ్వలేదు. గౌరవంతో కాదు, ఎవరూ అడగలేదు గనక. నేను నోరు తెరవకముందే ఓర్లా తగులుకుంది. ఎవడో వెధవ పెట్టెలోంచి తమ్ముడి జెర్సీ తీసి తొడుక్కుంటున్నాడట. ఉతికి పెట్టెలో అడుగున పెడితే వారం తిరిగేసరికి మోచేతుల దగ్గర గడ్డి మరక, వీపంతా చెమట తడి.

"పెట్టె తాళంచెవి నా మెళ్లోనే ఉంది హార్లన్. స్నానానికి కూడా తియ్యను," అంది. అని నా మొహంలోకి చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను చేతులు జేబుల్లో దోపుకున్నాను.

ఇక దాచి లాభం లేదు. పంతొమ్మిది వందల ఎనభై మూడులో ఈ జట్టుకి క్వార్టర్‌బ్యాక్‌ని నేనే. సీజన్లో ఆఖరి ఆట, ఆఖరి విసురు. లీలండ్ కుడి మూలలో ఒంటరిగా, చెయ్యెత్తి నిలబడ్డాడు. నేను వాడి వైపు చూడలేదు. ఎడమ వైపు ఎదుటి జట్టు కాపలాగాళ్లు ముగ్గురి మధ్యకి విసిరి ఆట పోగొట్టాను. కోచ్ అడిగితే, లీలండ్ ముందు అనుకున్న దారి వదిలి తప్పు దారిలో పరిగెత్తాడని చెప్పాను. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఈనాటికీ తెలీదు.

లీలండ్ గొడవ పడలేదు. "ఆదివారం సినిమాలో తేలిపోతుందిలే," అన్నాడు. ఆ రోజుల్లో రీలు కడగడానికి విచిటా పట్నానికి పంపేవాళ్లం. ఆదివారం పొద్దున బస్సులో వచ్చేది. జట్టు చర్చి నుంచి వచ్చేలోగా దాన్ని కత్తిరించి, మేము దాడి చేసినవి ఒక రీలు, కాపు కాసినవి ఒక రీలు అతికించాలి. ఆడేవాణ్ణే అయినా కాలేజీలో ఆ పని కూడా నాదే. అన్ని కత్తిరింపుల్లో నాలుగు సెకన్లు పోయినా ఎవరూ గుర్తుపట్టరు. లీలండ్ కనబడే ఆ నాలుగు సెకన్లూ తీసి పొగాకు డబ్బాలో పెట్టుకున్నాను. తెరమీద బంతి నా చేతిలో ఉంది, మరుక్షణం ఎదుటివాడి చేతిలో ఉంది. క్యాబేజీ, మాంసం కూరిన బన్నులు తింటూ అందరూ లీలండ్‌ని తిట్టారు. వాడు తెరని చూడలేదు, నన్ను చూశాడు. జనవరిలో మంచు పడ్డ ఒక సాయంత్రం వాడి కారు వంతెన మీంచి వాగులో పడింది. జారిందో, కావాలనే పోనిచ్చాడో ఎవరికీ తెలీదు.

ఇదంతా టోబిన్‌కి చెప్పాలి. చెప్పలేదు. పిరికివాడికి ఉపాయాలెక్కువ. "ఆ మూల వైపు చూడకు. చూడ్డం మానేస్తే వాడే పోతాడు," అన్నాను.

"పోతే ఎక్కడికి పోతాడు తాతా?" అన్నాడు.

ఆ సోమవారం సాధనలో వాడు మూల వైపు చూడలేదు. విసిరినవన్నీ మావాళ్ల చేతుల్లో పడ్డాయి. డెక్కర్ చప్పట్లు కొట్టాడు. సాధన అయ్యాక టోబిన్ టవర్ కిందికొచ్చాడు. మొహంలో నెత్తురు లేదు.

"ఇవాళ మూలలో లేడు తాతా. నీ టవర్ మొదటి మెట్టు మీదున్నాడు. చెయ్యి ఇంకా దించలేదు."

మంగళవారం నాలుగో మెట్టు అన్నాడు. బుధవారం ఎనిమిది. నాకేమీ కనబడలేదు. గాలి లేకపోయినా నిచ్చెన మాత్రం సన్నగా అదురుతోంది. కెమెరా మీద పెట్టిన నా చెయ్యి అదురుతోందనుకుని తీసి చూశాను. అయినా అదురుతూనే ఉంది. టోబిన్ బంతి పట్టుకుని మైదానం మీద చూపు వదిలేసి టవర్ వైపు చూడ్డం మొదలెట్టాడు. చూస్తుండగానే ఎదుటివాళ్లు వాణ్ణి కింద పడేశారు, మళ్లీ పడేశారు. ఓక్లహామా కుర్రాడికి ఫోన్ చేస్తానని డెక్కర్ అందరి ముందూ అన్నాడు. లీలండ్ నాకు కనబడి ఉంటే ఒక్కణ్ణే మోసేవాణ్ణి. కనబడేది ఈ పిల్లాడికి. నేను చేసినదానికి వీడు బలవుతున్నాడు.

గురువారం సాధన మొదలయ్యేలోపు సినిమా గదిలో జట్టంతా కూర్చుంటుంది. నేను అటక మీంచి పాత ప్రొజెక్టరు దింపాను. డబ్బాలోంచి ఆ ముక్క తీసి, ఆ పాత ఆట రీలులో తీసిన చోటే అతికించాను. రెండుసార్లు తప్పు అతికింది. తువ్వాళ్లు పెట్టడానికి వచ్చిన ఓర్లాని కూర్చోమన్నాను. పని ఉందంది. ఐదు నిమిషాలు అని బతిమాలాను.

"ఈ ఆట నేను పోగొట్టాను. లీలండ్ పెనర్ సరైన దారిలోనే పరిగెత్తాడు. అది ఎవరూ చూడకూడదని నేను కత్తిరించాను. ఇప్పుడు చూడండి," అన్నాను. దీపం ఆర్పి ప్రొజెక్టరు నడిపాను.

రీలు తిరిగింది. కుర్రతనంలో నేను బంతి పట్టుకుని వెనక్కి జరిగాను. కుడి మూలలో లీలండ్, చుట్టూ ఖాళీ గడ్డి, పైకెత్తిన చెయ్యి. నేను ఎడమకి విసిరాను. ఆ ముక్క వందసార్లు చూసినవాణ్ణి. అది చెయ్యి పైకి ఉండగానే అయిపోతుంది. ఆ రోజు అయిపోలేదు. లీలండ్ చెయ్యి దించాడు. నెమ్మదిగా, బరువు దించుతున్నట్టు దించాడు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, మాకు వీపు చూపించి, తెర అంచు దాకా నడిచి వెళ్లిపోయాడు. ఆ వెనక తెల్ల వెలుతురు, తోక కొట్టుకుంటున్న రీలు చప్పుడు.

గదిలోవాళ్లంతా ఏం చూశారో నేను అడగలేదు. టోబిన్ తల తిప్పి తలుపు వైపు చూశాడు, ఎవరో బయటికి పోతుంటే చూసినట్టు.

ఓర్లా తువ్వాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది.

"మా నాన్న చచ్చిపోయేదాకా వాడిదే తప్పనుకున్నాడు హార్లన్," అంది. తువ్వాళ్లు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

డెక్కర్ ఓక్లహామాకి ఫోన్ చెయ్యలేదు. ఏప్రిల్ ఆటలో టోబిన్ ఒక్క బంతీ పారేసుకోలేదు. శరదృతువులో సీజన్ మొత్తానికి నాలుగే పోగొట్టాడు, అందులో ఒక్కటీ కుడి మూలకి పోలేదు. బాగుపడ్డాడని ఊరంతా ఒప్పుకుంది, కోచ్‌ని మెచ్చుకుంది. లీలండ్ జెర్సీ మళ్లీ తడవలేదట. ఆ సంగతి నాకు టోబిన్ చెప్పాడు. ఓర్లా నాతో మాట్లాడదు, మాట్లాడమని అడిగే మొహం నాకు లేదు.

ఇప్పటికీ టవరెక్కుతాను. మెట్లు లెక్కపెడతాను, పన్నెండు. పైకి చేరాక ఆగి వెనక్కి తిరిగి చూస్తాను. నిచ్చెన అదరదు, ఎవరూ ఉండరు. లీలండ్ నన్ను క్షమించి వెళ్లాడా, ఊరికే వెళ్లాడా అని అడగడానికైనా ఎవరూ ఉండరు.